దూబగుంట వేసిన లెక్క

(వర్ధినేని రోశమ్మ గారి స్మృతిలో ఆత్మకూరులో చేసిన ప్రసంగ పాఠం)



స్మారకోపన్యాసాలు ఎక్కువగా పండితుల పేరు మీద జరుగుతాయి. ఆ పండితుడు రాసిన గ్రంథాలు ఏకరువు పెడతారు, శిష్యులు ముందు వరసలో కూర్చుంటారు, వక్త ఆయన సిద్ధాంతాన్ని రెండడుగులు ముందుకు నడిపించి దిగిపోతాడు. రోశమ్మ గారి పేరున ఏకరువు పెట్టడానికి గ్రంథాలేమీ లేవు. 2016లో ఆమె కన్నుమూసినప్పుడు పత్రికలన్నీ దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమ నాయకురాలని రాశాయి. ఆ మాట నిజమే. నేను మాత్రం ఈ సాయంత్రం ఆమెను నా శాస్త్రానికి చెందిన మనిషిగా, వయోజన విద్యలో పరిశోధన చేసిన మనిషిగా తలుచుకోవాలని వచ్చాను. సభామర్యాద కోసం అంటున్న మాటగా తీసుకోకండి. ఎందుకంటున్నానో చెబుతాను, ఒప్పుకోవడం మానడం మీ ఇష్టం.

ముందు మా వయోజన విద్యా శాఖల సంగతి చెప్పాలి. మన దేశంలో విశ్వవిద్యాలయాలు పల్లె ముఖం చూడటం తమ పనే అని కాగితం మీద ఒప్పుకున్నది 1977లో. బోధన, పరిశోధనలతో పాటు విస్తరణ కూడా మూడో బాధ్యత అని ఆ ఏడాది యూజీసీ ప్రకటించింది. మరుసటి ఏడు అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. దానితో విశ్వవిద్యాలయాల్లో వయోజన, నిరంతర విద్య శాఖలకు ఊపిరి వచ్చింది. ఈ జిల్లా కాలేజీలు అప్పుడు తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. నెల్లూరుకు సొంతంగా విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చింది 2008లోనే. కాబట్టి ఉదయగిరి పిల్లవాడు వయోజన విద్యలో పరిశోధన చేయాలనుకుంటే తిరుపతి కొండ కిందికే పోవాలి. పోయి ఏం చేసేవాడు?

అలాంటి పరిశోధకుల సిద్ధాంత గ్రంథాలు చదివినవాళ్ళకు వాటి మూస కంఠతా వచ్చి ఉంటుంది. శీర్షిక చివర 'ఒక అధ్యయనం' అని ఉంటుంది. రెండు మండలాలు ఎంచుకుంటారు. ప్రశ్నావళి పట్టుకుపోయి రాత్రిబడికి వచ్చేవాళ్ళ వయసు, కులం, వృత్తి, భూమి రాసుకుంటారు. బడి మధ్యలో ఎందుకు మానేశావని ఒక ఆడమనిషిని అడుగుతారు. 'పని ఒత్తిడి', 'కుటుంబ బాధ్యతలు', 'ఆసక్తి లేకపోవడం' అని గళ్ళు ఉంటాయి, ఆమె చెప్పిన జవాబును వాటిలో ఏదో ఒక దాంట్లో కుదిస్తారు. ఆ తర్వాత కై-స్క్వేర్ పట్టికలు. చివరి అధ్యాయంలో సూచనలు, వాటిలో మొదటిది ఎప్పుడూ 'అభ్యాసకుల్లో ప్రేరణ పెంచాలి' అనేదే. ఈ మూసను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. దాని వల్ల పనికొచ్చే సమాచారం బోలెడంత పోగైంది. ఒక లోపం మాత్రం పునాదిలోనే ఉంది. ప్రశ్న ఎప్పుడూ మనదే, జవాబే ఆమెది. ఆమెకు కూడా ఒక ప్రశ్న ఉండవచ్చని ఆ ప్రశ్నావళిలో చోటు లేదు.

కొలతల సంగతి చూడండి. 1988 మే 5న జాతీయ సాక్షరతా మిషన్ ఏర్పడింది. అక్షరాస్యుడంటే ఎవరో అది అంకెలతో తేల్చింది. పైకి చదివితే నిమిషానికి 30 మాటలు, మనసులో చదువుకుంటే 35. చూసి రాస్తే నిమిషానికి 7 మాటలు, చెబుతుంటే రాసేటప్పుడు 5. మూడంకెల కూడికలు, తీసివేతలు. మూడు వాచకాలు, సుమారు రెండు వందల గంటలు. ఉద్యమం గురి పెట్టిన వయసు ముఖ్యంగా 15 నుంచి 35. కేరళలోని ఎర్నాకుళం 1990 ఫిబ్రవరిలో సంపూర్ణ అక్షరాస్యత సాధించిన తొలి జిల్లాగా ప్రకటించుకోగానే దేశమంతా అదే దారి పట్టింది. నెల్లూరు కూడా ఆ వరుసలో ముందే చేరింది. జీతం లేని వాలంటీర్లు, జన విజ్ఞాన వేదిక కళాజాతలు, వీధి దీపాల కింద పలకలు. మెట్టలో సగం ఊళ్ళకు అప్పట్లో వేసవిలో తాగునీళ్ళే కష్టం. వాటికి కూడా బడి వచ్చింది.

1991 జనగణన లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళ అక్షరాస్యత 32.72 శాతం. దేశం మొత్తం మీద 39.29. అంటే మనం దేశ సగటుకే ఆరేడు మెట్లు కింద ఉన్నాం. ఆ మెట్ల గురించే అధికారులు మాట్లాడుతుండగా కలిగిరి మండలం దూబగుంటలో ఇంకో మాట వచ్చింది.

జరిగింది మీకందరికీ తెలుసు, మీలో కొందరు స్వయంగా ఉన్నారు కూడా. రాత్రిబడి వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉంది. తాగుడు మీద పాఠం అది. దాని మీద మాటలు మొదలై, ఆ మాటలు తమ ఊరి సారా కొట్టు మీదికి మళ్ళి, దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ సంగతినే తర్వాతి వాచకం 'చదువు వెలుగు'లో 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠంగా వేశారు. ఆ పాఠం చదివిన ఊళ్ళు ఒకదాని వెంట ఒకటి కదిలాయి. 1992 వర్షాకాలం నాటికి నెల్లూరు జిల్లా అంతా అదే మాట. సారా వేలం పాటలు అడ్డుకున్నారు, వాయిదా మీద వాయిదా పడ్డాయి. 'ఈనాడు' 'సారాపై సమరం' అని రోజూ వార్తలు వేసింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో అది పోయింది.

ఇందులో పరిశోధన ఎక్కడుందని మీరడగొచ్చు. ఆ ఆడవాళ్ళు వేసిన అడుగుల వరుస గమనించండి. ఇంట్లో మొగుడు కొడుతున్నాడు. కారణం తాగుడు. తాగుడు ఎక్కడిది? కొట్టుది. కొట్టు మూయిస్తే సరుకు జీపులో మళ్ళీ వస్తోంది. జీపు ఎవరిది? కాంట్రాక్టరుది. కాంట్రాక్టరుకు ఆ హక్కు ఎవరిచ్చారు? వేలం పాట. వేలం ఎవరు పెట్టారు? సర్కారు. మొగుడి దగ్గర మొదలైన ప్రశ్న ఆరో మెట్టు దగ్గర ప్రభుత్వ ఖజానా ముందు నిలబడింది. 1983లో వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చే ఏర్పాటు చేసింది ప్రభుత్వమే. 1970-71లో రాష్ట్రానికి వచ్చిన ఆబ్కారీ ఆదాయం సుమారు 39 కోట్ల రూపాయలైతే, 1991-92 నాటికి అది 812 కోట్లకు చేరింది. ఆ అంకెలు దూబగుంటలో ఎవరి దగ్గరా లేవు. వాళ్ళ దగ్గర ఉన్నది మూడంకెల లెక్క. ప్యాకెట్టు ఎంత, రోజుకెన్ని, నెలకెంత, ఇంటికి చేరిన కూలి ఎంత. కింది నుంచి వాళ్ళు, పైనుంచి బడ్జెట్ కాగితం, రెండూ ఒకే చోట కలిశాయి. ఒక ఫలితానికి కారణం వెతుక్కుంటూ మెట్టు మెట్టుకూ పైకి పోయి, ప్రతి మెట్టు దగ్గరా తమ జవాబును పరీక్షించి చూడటాన్ని మా శాఖలో పరిశోధన అంటారు. వాళ్ళు పరీక్షించిన తీరు కొంచెం గట్టిది, అంతే. మేము పట్టిక వేస్తాం, వాళ్ళు జీపుకు అడ్డం నిలబడ్డారు.

ఇలాంటి దానికి ప్రపంచంలో ఒక పేరు అప్పటికే ఉంది. 1970ల మొదట్లో టాంజానియాలో పనిచేసిన బడ్ హాల్ వంటి వయోజన విద్యావేత్తలు, ఎవరి సమస్యో వాళ్ళే ప్రశ్న వేసుకుని, వాళ్ళే సమాచారం పోగు చేసి, వాళ్ళే దిద్దుకునే పద్ధతికి భాగస్వామ్య పరిశోధన అని పేరు పెట్టారు. బ్రెజిల్ పాలో ఫ్రేరీ సంగతి సరేసరి. అక్షరం నేర్పడానికి ఊరివాళ్ళ బతుకులోంచే మాట ఏరుకోవాలన్నాడు. మన నెల్లూరులో ఆ మాట ఎవరూ ఏరి ఇవ్వలేదు. పుస్తకంలో ఉన్న తాగుడు కథ ఊరి కథలా కనిపించింది. అంతే.

ఒక ముచ్చట ఇక్కడ చెప్పకుండా ఉండలేను. నేను ఇందాక చెప్పిన 15-35 వయసు గుర్తుందా? రోశమ్మ గారు ఉద్యమం నాటికి ఆ హద్దు ఎప్పుడో దాటిన పెద్దామె. ఆ గీత పట్టుకుని చూస్తే ఆమె మన గురిలో లేదు. ఈ జిల్లాలో చదువు సాధించిన అతిపెద్ద ఫలితానికి ముందు నిలబడిన మనిషి మన పట్టికలో ఏ గడిలోనూ పట్టదు. కొలబద్ద తప్పని ఇంతకన్నా పెద్ద రుజువు వేరే ఏం కావాలి?

ఉద్యమం ఊపు మీద ఉండగానే పండితులు దిగారు. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పత్రికలో 1992, 93ల్లో వరసగా వ్యాసాలు వచ్చాయి. కంచ ఐలయ్య రాశారు. అక్షరాస్యతకూ సారాకూ ఉన్న లంకె మీద ఎం. శత్రుఘ్న రాశారు. సారా భూతాన్ని చంపడం గురించి కె. బాలగోపాల్ రాశారు. డి. నరసింహారెడ్డి, అరుణ్ పట్నాయక్ కలిసి రాశారు. హైదరాబాదు నుంచి 'అన్వేషి' మహిళలు నెల్లూరు పల్లెల్లో తిరిగి, ఇది ఇంటి గొడవ కాదు, ఆడవాళ్ళు రాజకీయానికి కొత్త అర్థం చెబుతున్నారని వాదించారు. ఆ తర్వాత సూసీ తారు, తేజస్విని నిరంజన ఒక చురుకైన సంగతి పట్టుకున్నారు. ఒక పార్టీకి నెల్లూరు స్త్రీ సంప్రదాయ గృహిణి, ఇంకో పార్టీకి వర్గపోరాట యోధురాలు, గాంధేయులకు మద్యనిషేధ వ్రతస్థురాలు. ఎవరికి కావలసిన నెల్లూరు స్త్రీని వాళ్ళు తయారు చేసుకున్నారని వాళ్ళ మాట సారాంశం.

ఆ జాబితాకు నేను మా శాఖను కూడా చేరుస్తాను. మాకు ఆమె 'అక్షరాస్యత సాధించిన విజయం'. సదస్సుల్లో దూబగుంట పేరెత్తని వయోజన విద్యా పండితుడు అరుదు. వాచకం వేశాం, ఉద్యమం వచ్చింది, చూశారా అంటాం. ఇంకో పక్క వాచకానికి అంత బలం ఎక్కడిది, బడి ఒక సాకు మాత్రమే, ఆడవాళ్ళు కూడే చోటు దొరికింది, అంతకుమించి ఏం లేదని వాదించేవాళ్ళు ఉన్నారు. నాకు రెండూ తేలిక మాటలే అనిపిస్తాయి. రాత్రి ఏడెనిమిది గంటలు మొగవాళ్ళు కొట్టు నుంచి ఇళ్ళకు తిరిగొచ్చే వేళ. సరిగ్గా ఆ వేళకు వేరు వేరు వీధుల ఆడవాళ్ళు ఇల్లు వదిలి ఒక దీపం కింద కూచోవడానికి సర్కారే ఆజ్ఞ ఇచ్చింది. కోడలు ఎక్కడికి పోతోందని అత్త అడిగితే బడికని చెప్పొచ్చు. ఆ అనుమతి చిన్నది కాదు. అలాగని పాఠమూ దండగ కాదు. తన ఊరి పని అచ్చులో చూసుకుని, పక్క ఊరు చదివి, మనమూ చేయగలమనుకోవడం చదువు వల్లే కుదిరింది. నోటి మాట అంతే వేగంగా, అంత మారకుండా పోయేదా అంటే నాకు నమ్మకం లేదు.

అక్షరం దానంతటదే మనిషి బుద్ధిని మార్చేస్తుందన్న భ్రమను శాస్త్రం కూడా ఎప్పుడో వదిలించుకుంది. పశ్చిమాఫ్రికాలోని లైబీరియాలో వై అనే తెగవాళ్ళకు సొంత లిపి ఉంది. బడిలో చెప్పరు, ఉత్తరాలు రాసుకోవడానికి ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారు. సిల్వియా స్క్రిబ్నర్, మైకేల్ కోల్ అక్కడ ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి 1981లో ఫలితాలు ప్రచురించారు. లిపి నేర్చుకున్నంత మాత్రాన తర్కం, జ్ఞాపకం గొప్పగా మారిపోలేదు. ఏ పనికి చదువు వాడారో ఆ పనిలో మాత్రం చేయి తిరిగింది. బ్రయన్ స్ట్రీట్ ఇరాన్ కొండ పల్లెల్లో ఇంకోటి చూశాడు. ఖురాన్ చదవడానికి నేర్చిన అక్షరాలతోనే పండ్ల వ్యాపారులు చీటీలు, పద్దులు నడుపుతున్నారు. చదువు ఎక్కడికి పోతుందో నేర్పినవాడు నిర్ణయించలేడన్నది ఈ రెండు అధ్యయనాల నుంచి నేను తీసుకున్న పాఠం. దూబగుంట అదే చెప్పింది, ఇంగ్లీషులో రాయలేదు కాబట్టి ఉదహరించడం లేదు.

ఇక నిరంతర విద్య. మా శాఖ పేరులో 'వయోజన' పక్కనే ఉంటుంది గానీ, అతుకు కనిపిస్తూనే ఉంటుంది. అక్షరాస్యతా ఉద్యమాలను సమీక్షించిన అరుణ్ ఘోష్ నిపుణుల బృందం 1994లోనే హెచ్చరించింది. మొదటి దశ ముగిశాక రెండో దశ రావడానికి మధ్య ఖాళీలో నేర్చుకున్నది జారిపోతోందని. ఆ తర్వాత నిరంతర విద్యా కేంద్రాలు వచ్చాయి, పోయాయి. సాక్షర భారత్ 2009 సెప్టెంబరు 8న మొదలై 2018 మార్చితో ముగిసింది. ప్రతిసారీ కొత్త పేరు, కొత్త వాచకం, కొత్త బోర్డు. చదువుకున్నవాళ్ళకు పుస్తకం అందాలని కోస్తాలో 1935లో పాతూరి నాగభూషణం గారు గ్రంథాలయాన్ని పడవ మీద ఎక్కించి కాలువ వెంట ఊళ్ళకు పంపారు. మనకు కాలువలే లేవు, ఎవర్ని అనుకుని ఏం లాభం! 

సర్కారు కేంద్రాలు మూతపడినా మెట్టలో నిరంతర విద్య ఆగలేదు. అది మనం చూడని చోట నడిచింది. సారా ఆగిన ఇళ్ళలో మిగిలిన డబ్బుతో రోజుకో రూపాయి లెక్కన పొదుపు మొదలైంది. పొదుపులక్ష్మి అని ఈ జిల్లాలోనే దానికి పేరు. ఆ సంఘాలే తర్వాత డ్వాక్రాలో కలిశాయి. సంఘం అన్నాక తీర్మానం పుస్తకం ఉండాలి. ఎవరు వచ్చారు, ఎంత కట్టారు, ఎవరికి అప్పిచ్చారు, ఎందుకిచ్చారు, ఎవరు ఎదురు చెప్పారు. అన్నీ రాయాలి. ముప్పై ఏళ్ళుగా రాస్తున్నారు. మొదట్లో ఊళ్ళో చదువుకున్న పిల్లవాడితో రాయించారు. తర్వాత సంఘం లీడరు కూతురు రాసింది. కొన్ని ఊళ్ళలో ఆ పాత రాత్రిబడి ఆడవాళ్ళే వంకర అక్షరాలతో రాశారు. నిమిషానికి ఎన్ని మాటలు రాశారని ఎవరూ గడియారం పట్టుకోలేదు. వాళ్ళకు కావలసింది వేగం కాదు, బ్యాంకు మేనేజరు ముందు తిప్పి చూపించగలిగే కాగితం.

చదువు అవసరం పుట్టే చోట్లు ఉదయగిరి, ఆత్మకూరు నియోజకవర్గాల్లో కొల్లలు. కలిగిరిలో, మర్రిపాడు మండలం డీసీపల్లిలో పొగాకు వేలం కేంద్రాలు ఉన్నాయి. బ్యారన్ రిజిస్ట్రేషన్, కోటా, గ్రేడు, కిలో ధర. పొగాకు పండించే ఇంట్లో ఈ నాలుగు మాటలు చదవలేకపోతే నష్టం కిలోల్లోనే కనిపిస్తుంది. వయోజన విద్య వాచకాల్లో ఆవు, ఆకు, ఇల్లు ఉంటాయి గానీ వేలం చీటీ ఉండదు. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే ఆడవాళ్ళ సంగతి తీసుకోండి. ఆ చెంచాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏ చెట్టు కొమ్మ ఏ చెంచాకు పనికొస్తుందో, ఎంత ఆరితే చీలదో చేతికే తెలిసిన వాళ్ళు. మన సర్వే వచ్చినప్పుడు వాళ్ళలో చదవలేని ఆమె దగ్గర 'నిరక్షరాస్య, నైపుణ్యం లేని' అనే గడిలో టిక్కు పడుతుంది. ఆమెకు కావలసింది అ-ఆలా, లేక దూరపు ఊరి ఆర్డరు, పార్సిలు, బిల్లు చదివే చదువా? అడిగిన ప్రశ్నావళి ఉంటే నాకు చూపించండి.

ఇంకో సంగతి. తొంభైల్లో మా బడికి వచ్చిన ఆడవాళ్ళలో చాలామంది పెట్టుకున్న లక్ష్యం ఒకటే, వేలిముద్ర పోయి సంతకం రావాలి. బ్యాంకులో వేలికి సిరా అంటించుకోవడం సిగ్గు. సంతకం సాధించారు. ఇప్పుడు రేషన్ షాపులో, పింఛను దగ్గర, బ్యాంకు మిత్ర దగ్గర యంత్రం ముందు మళ్ళీ వేలు పెట్టమంటున్నారు. ఎమ్మే చదివినవాడూ పెట్టాల్సిందే కాబట్టి అవమానం లేదనవచ్చు. కానీ రాళ్ళు మోసి, కలుపు తీసి అరిగిన వేలు యంత్రానికి పడకపోతే ఏ రసీదు అడగాలి, ఎవరికి అర్జీ పెట్టాలి, తెర మీద ఏం రాసి ఉంది? నిరంతర విద్య అనేదానికి ఈ దశాబ్దంలో అర్థం ఏమైనా ఉంటే ఆ యంత్రం పక్కనే ఉంది. అక్షరాస్యతకు కొత్త కొలత కావాలంటే నేనిది పెడతాను. డబ్బు రాలేదని యంత్రం చెప్పినప్పుడు ఎందుకు రాలేదని రాతపూర్వకంగా అడగగలదా? నిమిషానికి ముప్పై మాటలు అక్కర్లేదు, ఒక్క అర్జీ చాలు.

ఈ సభలో పరిశోధక విద్యార్థులు ఉన్నారు కాబట్టి చివరిగా ఒక పని చెబుతాను. దూబగుంట మీద వచ్చిన ప్రసిద్ధమైన రాతల్లో ఎక్కువ భాగం 1992, 93ల చుట్టూనే తిరుగుతాయి. ఆ ఊరి పేరు చెప్పి మళ్ళీ ఒక ప్రశ్నావళి అచ్చు వేయించకండి. ముందు తీర్మానం పుస్తకాలు వెతకండి. కలిగిరి, వింజమూరు, దుత్తలూరు, మర్రిపాడు, చేజర్ల, అనుమసముద్రంపేట మండలాల్లో పాత సంఘాల వాళ్ళ ఇళ్ళలో, ట్రంకు పెట్టెల్లో, కొన్ని చెదలు పట్టిన అలమరల్లో అవి ఉంటాయి. ఒక్కో ఏడాది చేతిరాత ఎలా మారింది, అప్పు ఏ పనికి తీసుకున్నారు, గొర్రెలకా, బోరుకా, కూతురి కాలేజీ ఫీజుకా, ఏ తీర్మానాన్ని ఎవరు కొట్టేశారు, మద్యం మళ్ళీ వచ్చిన 1997 తర్వాత ఏం రాసుకున్నారు. అచ్చమైన సమాచారం అది, గళ్ళలో కుదించనిది. మీ పట్టికలు ఆ తర్వాత వేసుకోవచ్చు, ఎవరూ కాదనరు.

ఒక షరతు ఉంది. పుస్తకం ఇంటి బయటికి తీసుకుపోవద్దు. అక్కడే కూచుని, రాసిన ఆమెనే చదివి వినిపించమని అడగండి. తడబడే చోట దిద్దకండి. ఆమె ఏం రాసుకుందో ఆమె చెప్పాక, ఆ పేజీ గురించి ఆమెకు ఏ ప్రశ్న ఉందో అడిగి, అది మీ నోటుబుక్కులో మొదటి పేజీన రాసుకోండి. మీ గైడు ఒప్పుకోకపోతే నా దగ్గరికి రండి, ఆయనతో నేను మాట్లాడతాను. బస్సుల సంగతి కూడా ముందే కనుక్కోండి, సాయంత్రం దాటితే ఆ ఊళ్ళ నుంచి తిరిగి రావడం కష్టం.